లగ్గం ఖర్చు ఎవరి మీద? ఘనపూర్ చుట్టుపక్కల పెళ్లి వాదాలపై ఒక సమీక్ష

పిల్ల, పిలగాడు ఒకరికొకరు నచ్చి, పెద్దలు ఖాయం చేసుకున్న రోజు నుంచి లగ్గం రోజు దాకా రెండిళ్లలోనూ సలహాలకు కొదువ ఉండదు. ఫంక్షన్ హాల్ ఇప్పుడే పట్టుకోకపోతే దొరకదని ఒకరంటారు. గుళ్లో పుస్తె కట్టిస్తే పోయేదానికి ఇంత హంగామా ఎందుకని ఇంకొకరు. ఒక్కగానొక్క బిడ్డ లగ్గం గింత సప్పగ చేస్తరా అని మేనత్త నొచ్చుకుంటుంది. ఆ పైసలేవో పిల్ల పేరు మీద బ్యాంకులో వేయమని చదువుకున్న తమ్ముడు పట్టుబడతాడు. ఇవి అప్పటికప్పుడు పుట్టిన మాటల్లా కనిపిస్తాయి గానీ, ఒక్కో సలహా వెనక ఒక్కో వాదం ఉంది. కొన్ని వాదాల వయసు నూరేళ్లు దాటింది.

వాటిని ఒకచోట పేర్చి చూడటానికి ఘనపూర్ పరిసరాలు అనువైనవి. జనగామ జిల్లా స్టేషన్ ఘనపూర్ కాజీపేట – సికింద్రాబాద్ రైలు మార్గం మీద, హైదరాబాద్ – వరంగల్ రహదారి పక్కన ఉంది. భూపాలపల్లి జిల్లాలోని మరో ఘనపూర్ కాకతీయుల నాటి కోటగుళ్ల ఊరు. ఇంకోవైపు మహబూబాబాద్ జిల్లా నిండా లంబాడా తండాలు. 2016 అక్టోబర్ 11న ఈ మూడు జిల్లాలు ఏర్పడేదాకా ఇదంతా దాదాపు పాత వరంగల్ జిల్లాయే. రహదారి మీది ఏసీ హాళ్లు, ఇంటి ముందటి పచ్చని పందిళ్లు, అడవి అంచు కోయగూడేల పెళ్లి తంతులు ఇక్కడ ఒకే ముహూర్తానికి జరుగుతాయి.

మండపం, భోజనాలు, ముహూర్తం, ఫొటోలు అంటూ ఎంత లోతుగా ప్లాన్ వేసుకున్నా, ఖర్చు ఎవరు భరిస్తారన్న మాట తేల్చకుండా వేసే ప్లాన్ నిలవదన్నది ఈ సమీక్ష అభిప్రాయం. ఇక్కడ పెళ్లి గురించి సాగిన ప్రతి పెద్ద వాదమూ ఎక్కడ మొదలైనా ఆ మాట దగ్గరికే చేరింది.

దొర ఇంట్ల పెళ్లి, ఊరి మీద ఖర్చు

నిజాం కాలంలో ఈ ప్రాంతంలో పెళ్లి ఖర్చుకు ఒక క్రూరమైన లెక్క ఉండేది. దేశ్‌ముఖ్ ఇంట్లో లగ్గమైతే ఊరు ఊరంతా నజరానా చెల్లించాలి. కుమ్మరి కుండలివ్వాలి, చాకలి బట్టలు మోయాలి, గొల్లవాళ్లు గొర్రెలు తోలాలి, మాదిగలు డప్పు కొట్టాలి. ఇదంతా వెట్టి. దొర బిడ్డ అత్తగారింటికి పోతుంటే ఆమె వెంట ‘ఆడబాప’ల పేరుతో పేదింటి ఆడపిల్లల్నీ పంపేవారు. ఇంటి సామానుతో పాటు మనిషినీ సారెగా పంపిన కాలమది. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి, చిట్యాల ఐలమ్మ పొలం కోసం నిలబడ్డ పాలకుర్తి రెండూ నేటి జనగామ జిల్లాలోనివే. వెట్టి రద్దు కోసం లేచిన తెలంగాణ సాయుధ పోరాటంతో దొర పెళ్లి భారం ఊరి మీంచి దిగింది.

సామాన్యుల ఇళ్లలో లెక్క ఇంకోలా ఉండేది. కాయకష్టం మీద బతికే చాలా కులాల్లో పిలగాడి తరఫువాళ్లే పిల్ల తల్లిదండ్రులకు ‘ఓలి’ ఇచ్చి లగ్గం చేసుకునేవారు. పిల్ల వెళ్లిపోతే ఆ ఇంటికి రెండు పనిచేసే చేతులు తగ్గుతాయి కాబట్టి ఆ లోటుకు ఓలి పరిహారం. కోస్తా బ్రాహ్మణ ఇళ్లలో ముసలివాళ్లకు పసిపిల్లల్ని అమ్మే దారుణానికి ఎదురుగా గురజాడ అప్పారావు రాసిన ‘కన్యాశుల్కం’ 1892లో రంగస్థలమెక్కింది. శ్రామిక కులాల ఓలిని దానితో కలిపి చూడకూడదు. ఓలి ఉన్నచోట ఆడపిల్ల పుట్టుక భారమనిపించుకోలేదు.

అయితే ఓలిని బంగారు కాలంగా చూపడమూ సరికాదు. ఓలి తీసుకున్నారు కాబట్టి మొగుడితో సరిపడక పుట్టింటికొచ్చిన పిల్లను, సొమ్ము తిరిగిచ్చేదాకా విడవని పంచాయితీలు ఎన్నో జరిగాయి.

20వ శతాబ్దం రెండో సగంలో గాలి తిరిగింది. భూమి, సర్కారు నౌకరీ, పట్నం చదువు మగపిల్లల పేరు మీద పోగుపడేకొద్దీ ఓలి అడుగంటి కట్నం పైకొచ్చింది. ఈ మార్పును సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1984లోనే వివరంగా చర్చించారు. పై కులాల నడవడిని అనుకరిస్తూ కట్నం కిందికి పాకిందన్నది ఒక వివరణ. నౌకరీ ఉన్న పిలగాళ్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి ధర పెరిగిందన్నది మరో వివరణ. తండాల్లో ఈ మలుపు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకున్న లంబాడాలు రెండు, మూడు తరాల్లోనే కట్నం ఇచ్చే స్థితికి వచ్చారు. 1990ల చివర నల్లగొండ జిల్లా దేవరకొండ తండాల్లో ఆడశిశువుల అమ్మకాలు బయటపడ్డప్పుడు, కట్నం భయం కూడా ఒక కారణమని అప్పట్లోనే గట్టిగా చెప్పారు.

1960 నుంచి 2008 దాకా గ్రామీణ భారతంలో జరిగిన 40,000 పెళ్లిళ్ల వివరాలను ప్రపంచ బ్యాంకు పరిశోధకులు పరిశీలించారు. 17 రాష్ట్రాల సమాచారమది. వాటిలో 95 శాతం పెళ్లిళ్లలో కట్నం చేతులు మారింది. కట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. అంటే దాదాపు ఆ కాలమంతా చట్టం అమల్లో ఉన్నట్టే.

నాలుగు దారులు

లగ్గం ఎలా చేయాలన్న దాని మీద ఇక్కడ వినిపించే వాదాలను స్థూలంగా నాలుగు దారులుగా చూడవచ్చు. ఒకే ఇంట్లో నలుగురూ నాలుగు దారుల్లో ఉండటం మామూలే.

మొదటిది సంప్రదాయం. పసుపు దంచడం, మైలపోలు, ఐరేని కుండలు, ఎదురుకోళ్లు, జీలకర్ర బెల్లం, పుస్తె మట్టెలు, తలంబ్రాలు, నాగవెల్లి, ఒడిబియ్యం అన్నీ జరగాలంటుంది ఈ దారి. దాని బలం ఆచారంలో ఎంతుందో, ఆ ఆచారం చుట్టూ మనుషుల్ని కూడగట్టడంలో అంత ఉంది. కుమ్మరింటికి మేళంతో వెళ్లి, సున్నం జాజుతో బొమ్మలు దిద్దిన ఐరేని కుండలను ముత్తైదువలు నెత్తిన పెట్టుకుని తెస్తుంటే ఊళ్లో కులాల మధ్య ఉన్న పాత బంధం ఒకటి కళ్లముందు కదులుతుంది. ఆ బంధంలో పాత పెత్తనమూ ఉందన్న విమర్శకు సంప్రదాయవాదులు ఇంకా సరైన జవాబు ఇవ్వలేదు. కుండకు, డప్పుకు, సన్నాయికి ఇప్పుడు బేరం కుదిరిన కూలి ఇస్తున్నారు. అది మంచి మార్పు.

రెండోది ఆదర్శ వివాహం. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబర్ 11న రాజమహేంద్రవరంలో జరిపించిన తొలి వితంతు వివాహం నుంచి ఈ దారి మొదలవుతుంది. త్రిపురనేని రామస్వామి చౌదరి సంస్కృత మంత్రాల బదులు తెలుగులో ‘వివాహ విధి’ రాసి పెళ్లిళ్లు జరిపించారు. నాస్తికుడు గోరా తన కూతురికి దళిత యువకుడితో 1948లో సేవాగ్రామ్‌లో పెళ్లి చేశారు. తెలంగాణ వైపు 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది. ఆడవాళ్ల బతుకు గురించి బహిరంగ వేదిక మీద మాట్లాడటం అక్కడ మొదలైంది. సాయుధ పోరాట కాలంలో సంఘం వాళ్లు దండలు మార్పించి పెళ్లిళ్లు చేశారు. ఆ పెళ్లిళ్ల తీపి, చేదు రెండూ స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లోని ఆడవాళ్ల మాటల్లో వినిపిస్తాయి. దండల పెళ్లిలో ఖర్చు పోయింది, కట్నం పోయింది. ఇంట్లో చాకిరీ మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది. ఆదర్శ వివాహాన్ని ఎంచుకునే జంటలు నేటికీ ఆ పుస్తకం చదివి తీరాలి.

మూడోది వేడుక దారి. రామప్ప, లక్నవరం, కోటగుళ్ల దగ్గర ప్రీ వెడ్డింగ్ షూట్, హల్దీకి ఒక రంగు బట్టలు, సంగీత్‌కు ఒక రంగు బట్టలు, స్టేజీ మీద పూల డెకరేషన్, ఎల్‌ఈడీ స్క్రీన్, డ్రోన్, రాత్రి బరాత్‌కు డీజే ఈ దారిలో కనిపిస్తాయి. దీన్ని దుబారా అని తీసిపారేయడం తేలిక. కానీ దొర ముందు చెప్పులు విడిచి నడిచిన తాతల మనవడు గుర్రమెక్కి నడివీధిలో బరాత్ తీస్తే, అందులో ఖర్చుకు మించిన అర్థం ఒకటి ఉంది. ఆ అర్థం తెలియనివాళ్లు ఆడంబరం గురించి చెప్పే నీతులు ఈ ప్రాంతంలో ఎవరి చెవికీ ఎక్కవు. ఇక్కడ ఆలోచించాల్సింది ఆ గౌరవానికయ్యే బిల్లు గురించి. పిలగాడి బరాత్ ఖర్చు కూడా పిల్ల తండ్రి లెక్కలో పడుతుంటే, ఆ గౌరవం కోసం అప్పు చేస్తున్నది ఎవరు?

నాలుగోది ఆర్థికవేత్తల దారి. విజయేంద్ర రావు తన తోటి పరిశోధకులతో కలిసి కర్ణాటక పల్లెల్లో పెళ్లి వేడుకలను అధ్యయనం చేశారు. తాము మంచి సంబంధం కలుపుకున్నామని ఊరికి చాటే సంకేతంగా కుటుంబాలు వేడుక మీద ఖర్చు పెడతాయని 2004లో ప్రచురించిన వ్యాసంలో వాదించారు. బీదవాళ్లు కూడా పెళ్లికి అంత ఎందుకు పెడతారన్న ప్రశ్నకు వాళ్లకు తెలివి లేదని జవాబు చెప్పనందుకు ఈ దారిని గౌరవించాలి. ఊళ్లో పరువు అంటే రేపు అప్పు పుట్టడం, కూలి దొరకడం, చిన్నబిడ్డకు సంబంధం రావడం. పరువు కోసం పెట్టే ఖర్చును ఆ కోణంలో చూడాలంటారు వీరు.

కట్నాలు రాసే నోట్‌బుక్కు

వీటన్నింటినీ కలిపే వస్తువు ఒకటి పందిట్లోనే ఉంటుంది. ఇక్కడ కట్నాలంటే బంధువుల చదివింపులు. అన్నాలకు పోయే దారిలో చిన్న బల్ల వేసి, లెక్క తప్పని మేనమామనో, సార్ పని చేసే బంధువునో కూర్చోబెడతారు. ఆయన ముందు పొడవాటి నోట్‌బుక్కు, దాని నాలుగు మూలలకు పసుపు, మొదటి పేజీ పైన శ్రీరామ. ఊరి పేరు, ఇంటి పేరు, మనిషి పేరు, తండ్రి పేరు, ఆ పక్కన 116 అనో, 516 అనో, 1,116 అనో అంకె. బట్టలు పెడితే ‘చీర, రవికె’, బిందె పెడితే ‘ఇత్తడి బిందె’ అని రాస్తారు. జనగామ పక్కనే ఉన్న పెంబర్తి ఇత్తడి పనికి పేరున్న ఊరు. స్టీలు సామాన్లు రాకముందు ఈ నోట్‌బుక్కుల్లో ఇత్తడి, కంచు సామాన్లే ఎక్కువ కనిపించేవి.

లగ్గం అయ్యాక ఆ నోట్‌బుక్కు బీరువాలోకి చేరుతుంది. ఏ ఊరి నుంచి పత్రిక వచ్చినా దాన్ని బయటికి తీసి, వాళ్లు మనకు ఎంత రాశారో చూసి, దానికి కొంత కలిపి తీసుకెళ్తారు. వడ్డీ లేని, ప్రామిసరీ నోటు లేని ఈ చేబదులు దశాబ్దాల పాటు ఇంటింటికీ తిరుగుతూనే ఉంటుంది.

పెళ్లిని చిన్నగా, కొద్దిమందితో చేసుకుంటామని పిల్లలు అన్నప్పుడు తల్లిదండ్రుల ముఖం ఎందుకు మాడిపోతుందో ఈ నోట్‌బుక్కు చూస్తే తెలుస్తుంది. పాతికేళ్లుగా వాళ్లు ఊరూరా తిరిగి రాయించిన కట్నాలు తిరిగొచ్చే రోజు బిడ్డ లగ్గం రోజే. 500 మందిని పిలవడంలో డాబు కొంత ఉంటే ఉండవచ్చు, పాత బాకీల వసూలు కూడా అందులోనే ఉంది. నిరాడంబర వివాహాన్ని బోధించేవాళ్లు ఈ లెక్కకు విలువ ఇవ్వకపోవడం వల్లే పల్లెల్లో వాళ్ల మాట నిలవలేదని నా నమ్మకం. కట్నాలు వద్దని పత్రిక మీద అచ్చువేయించే ఇళ్లు కూడా ఇప్పుడు కనిపిస్తున్నాయి. అది ఉదారత అనిపించుకుంటుంది గానీ, ఇవ్వాల్సినవాళ్లకు బాకీ తీర్చే దారి లేకుండా చేస్తుంది. ఈ చిక్కుముడికి పరిష్కారం ఇంకా ఎవరూ చూపలేదు.

పందిరి, హాల్, గుడి, ఆఫీసు

చోటు విషయంలో జంట ముందున్నవి నాలుగు. ఇంటి ముందు పందిరి చవక అంటారు. టెంట్ హౌస్ కిరాయి, వంటోళ్ల కూలి, సరుకుల బిల్లు కలిపితే నిజంగానే హాల్ కన్నా తగ్గుతుంది. ఆ తగ్గుదలలో సగం ఇంటి ఆడవాళ్లు వారం రోజులు చేసే చాకిరీ నుంచి వస్తుంది. దాన్ని ఎవరూ లెక్క కట్టరు. వాన కూడా పందిరికి శత్రువే.

ఫంక్షన్ హాల్ ఆ చాకిరీని తగ్గిస్తుంది. కిరాయి ఒక అంకె చెబుతారు గానీ జనరేటర్ డీజిల్, కరెంటు మీటరు, క్లీనింగ్, హాల్ వాళ్ల డెకరేషనే పెట్టుకోవాలన్న షరతు, బయటి క్యాటరింగ్‌కు అదనపు రుసుము అంటూ ఒక్కోటీ తర్వాత బయటపడతాయి. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఎన్ని గదులు, లగ్గం తప్పిపోతే ఎంత తిరిగిస్తారు అన్నవి రసీదు మీద రాయించుకోవడం తప్పనిసరి. క్యాటరింగ్ ప్లేటు లెక్క మాట్లాడుకుంటే, ఎన్ని ప్లేట్లకు గ్యారంటీ ఇస్తున్నామో తక్కువగా చెప్పి, ఎక్కువైతే అదే ధర అని ముందే ఒప్పించుకోవాలి. మటన్ ఉన్న దావత్‌లో ఈ ఒక్క జాగ్రత్త వేలల్లో మిగులుస్తుంది.

గుళ్లో పెళ్లి ఖర్చు తక్కువ, దైవసన్నిధి అన్న తృప్తి ఎక్కువ. అయితే చాలామంది గుళ్లో లగ్గం చేసి ఆ తర్వాత హాల్లో రిసెప్షన్ పెడతారు. అప్పుడు పొదుపు కాస్తా రెండో ఖర్చయి కూర్చుంటుంది.

నాలుగోది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. ప్రత్యేక వివాహ చట్టం 1954 కింద ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో 30 రోజులు నివాసం ఉండాలి. నోటీసు ఇచ్చాక మరో 30 రోజులు ఆగాలి. ముగ్గురు సాక్షులుండాలి. ఆ నోటీసు బోర్డు మీద పడటమే కులాంతర, మతాంతర జంటలకు పెద్ద గండం. ఇంట్లోవాళ్లకు కబురు అక్కడి నుంచే పోతుంది. చాలా జంటలు ఆర్య సమాజ్ దారి పట్టడానికి ఇదే కారణం.

ఖర్చులో ఆఫీసు అన్నింటికన్నా తక్కువ, హాల్ అన్నింటికన్నా ఎక్కువ. బంధువుల సంతృప్తిలోనూ దాదాపు అదే వరుస. ఆడవాళ్ల మీద పడే పనిభారంలో పందిరిదే మొదటి స్థానం. చట్టపరమైన భద్రత మాత్రం చోటును బట్టి రాదు.

చట్టం ఏమంటుంది

చాలామంది జంటలు తెలుసుకోవాల్సిన తీర్పు ఒకటుంది. హిందూ వివాహ చట్టం 1955 కింద జరిగే పెళ్లిలో ఇద్దరిలో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం తంతు జరగాలి. తంతు జరగకుండా సర్టిఫికెట్ మాత్రమే తీసుకుంటే అది పెళ్లి కాదని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో డాలీ రాణి కేసులో చెప్పింది. వీసా కోసమో, ఇల్లు అలాట్‌మెంట్ కోసమో ముందు రిజిస్ట్రేషన్ చేయించుకుని లగ్గం తర్వాత పెట్టుకునే అలవాటుకు ఇది హెచ్చరిక. తమిళనాడు 1967లో తన చట్ట సవరణతో పురోహితుడు లేని ఆత్మగౌరవ వివాహాలకు గుర్తింపు ఇచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో అలాంటి సవరణ లేదు. త్రిపురనేని వారసత్వం ఉన్న నేలలో అది ఎందుకు రాలేదో ఆలోచించాల్సిందే.

మహబూబాబాద్ తండాలకు, భూపాలపల్లి కోయగూడేలకు వచ్చేసరికి ఇంకో సంగతి. షెడ్యూల్డ్ తెగలకు కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప హిందూ వివాహ చట్టం వర్తించదు. వారి పెళ్లి వారి ఆచారం ప్రకారమే నిలుస్తుంది. కాబట్టి లంబాడా, కోయ జంటలు ఆచారం ప్రకారం లగ్గం జరిగినట్టు ఫొటోలు, పెద్దమనుషుల సంతకాలు భద్రపరచుకుని, 2002 నాటి నిర్బంధ వివాహ నమోదు చట్టం కింద నమోదు చేయించుకోవడం మంచిది.

కట్నం చట్టంలో ఇచ్చినవారికీ తీసుకున్నవారికీ కనీసం అయిదేళ్ల శిక్ష ఉంది. అడగకుండా ఇచ్చిన కానుకలకు మినహాయింపు ఉంది గానీ, వాటి జాబితా రాసి వధూవరులిద్దరూ సంతకం చేయాలని 1985 నిబంధనలు చెబుతున్నాయి. ఏ వస్తువు, దాని విలువ, ఇచ్చినదెవరు, వారి వరుస ఏమిటి అన్నవి ఆ జాబితాలో ఉండాలి. 116 రాయడానికి నోట్‌బుక్కు పెట్టుకునే ఇళ్లలో అయిదు తులాల బంగారానికి కాగితం ఉండదు. పిల్లకు రేపు ఏదైనా జరిగితే తనదంటూ చూపించుకోవడానికి ఆ కాగితమే ఆధారం. అది ఇద్దరూ అడిగి రాయించుకోవాలి.

కల్యాణలక్ష్మి వాదం

2014 అక్టోబర్ 2న తెలంగాణ ప్రభుత్వం దళిత, గిరిజన వధువుల కోసం కల్యాణలక్ష్మి, మైనారిటీ వధువుల కోసం షాదీ ముబారక్ మొదలుపెట్టింది. అప్పుడు ఇచ్చింది 51,000 రూపాయలు. 2016లో బీసీలకు, ఇతర పేదలకు విస్తరించింది. 2017లో 75,116, 2018లో 1,00,116 అయింది. 2023 ఎన్నికల్లో దీనికి తులం బంగారం కలుపుతామని కాంగ్రెస్ హామీ ఇచ్చింది.

సమర్థించేవారి వాదన బలమైనది. వధువుకు 18 నిండితేనే సొమ్ము కాబట్టి తొందరపడి చేసే లగ్గాలకు అడ్డుకట్ట పడుతుంది. డబ్బు తల్లి పేరు మీద రావడమూ మంచిదే. విమర్శకులు దీన్ని రెండు వైపుల నుంచి అడుగుతారు. చెక్కు పెళ్లయిన నెలలకు చేతికొస్తే, పెళ్లినాటి వడ్డీ అప్పు ఎలా తప్పుతుంది? పిల్ల లగ్గానికే సర్కారు పైసలిస్తే, పెళ్లి ఖర్చు పిల్లవాళ్లదేనన్న మాటకు సర్కారే ముద్ర వేసినట్టు కాదా? రెండో ప్రశ్న నాకు ఎక్కువ బరువైనదిగా తోస్తుంది. 2019–20 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 23.5 శాతం మందికి 18 నిండకుండానే పెళ్లయింది. పథకం మేలు చేయలేదని ఈ అంకె చెప్పదు. డబ్బు ఒక్కటే ఆపలేని కారణాలున్నాయని మాత్రం చెబుతుంది. ఆ సొమ్మును లగ్గానికి ముడిపెట్టకుండా, 18 నిండిన ఆడపిల్ల చదువుకో, పనికో ఇవ్వాలన్న వాదనకు ఇప్పటిదాకా ఏ పార్టీ జెండా దొరకలేదు.

అతిథులకు పరిమితి

ఖర్చును చట్టంతో కట్టడి చేయాలన్న ఆలోచన కొత్తది కాదు. పాకిస్తాన్ 1990లలో పెళ్లి విందులనే నిషేధించింది. మన లోక్‌సభలో రంజీత్ రంజన్ పెట్టిన ప్రైవేటు బిల్లు అయిదు లక్షలు దాటిన పెళ్లి ఖర్చులో పది శాతం పేద పిల్లల పెళ్లిళ్లకు ఇవ్వాలంది. అది చట్టం కాలేదు.

అనుకోకుండా ఒక ప్రయోగం జరిగింది. 2020 లాక్‌డౌన్‌లో పెళ్లికి 50 మంది, 2021 మే లాక్‌డౌన్‌లో తెలంగాణలో 40 మంది అన్న పరిమితి పడింది. ఆ లగ్గాలు కూడా లగ్గాలుగానే నిలిచాయి, ఎవరి పరువూ పోలేదు. పరిమితి ఎత్తేయగానే హాళ్లు మళ్లీ నిండాయి. అందరికీ ఒకేసారి హద్దు పడితే సరేనంటారు, ఒక్కళ్లం తగ్గించుకుంటే నలుగురిలో తక్కువైపోతామనుకుంటారు. బయటినుంచి వచ్చే చట్టం కన్నా, ఒక ఊరో, ఒక కుల సంఘమో కలిసి పెట్టుకునే కట్టుబాటే ఎక్కువ పనిచేయవచ్చు అనడానికి ఇది ఆధారం. కుల సంఘం చేతికి పెళ్లి పెత్తనం ఇస్తే రేపు కులాంతర జంటల మీద కూడా అదే పెత్తనం నడుస్తుందన్న భయాన్ని కొట్టిపారేయలేం.

ముహూర్తం సంగతి

ముహూర్తం మీద వాదన పెద్దగా లేదు. ఆషాఢం, శూన్యమాసాలు, గురు శుక్ర మౌఢ్యాలు తీసేస్తే మిగిలే రోజులు కొన్నే. అందరూ ఆ రోజులకే ఎగబడితే హాల్ కిరాయి, పూల ధర, పురోహితుడి సంభావన, మేకప్, ఫొటోగ్రాఫర్ రేట్లు పెరుగుతాయి. పట్టింపు లేని కుటుంబాలు ఆ గట్టి ముహూర్తాలను వదిలి పక్కరోజు పెట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది. రాత్రి పది దాటాక లౌడ్ స్పీకర్ వాడకూడదన్న 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధన బరాత్‌కూ వర్తిస్తుంది. డీజే మాట్లాడుకునేవాళ్లు లగ్గం టైముతో పాటు దాన్నీ చూసుకోవాలి.

తేలనివి

ఖాయం చేసుకునే రోజు పిలగాడి మేనమామ పిల్ల తండ్రితో అనే మాట ఈ ప్రాంతంలో అందరూ విన్నదే: ‘‘మాకేం వద్దు బావా, నీ బిడ్డకు నువ్వేం పెట్టుకుంటవో నీ ఇష్టం.’’ ఆ ‘ఇష్టం’లో ఎన్ని తులాలు, ఏ బండి, ఎంతమందికి దావత్ ఉన్నాయో తర్వాత మధ్యవర్తి చెబుతాడు. ఈ మాటను అక్కడే ఆపి, రెండిళ్లూ కలిసి ఒక మొత్తం అనుకుని చెరిసగం పెట్టుకుందామని అడగగలిగేది పెళ్లికూతురూ పెళ్లికొడుకే. ఇద్దరూ సంపాదిస్తున్న జంటల్లో ఇది మెల్లగా మొదలైంది. లగ్నపత్రిక రాయకముందే ఇద్దరూ కూర్చుని, తమ సొంత సొమ్ము ఎంత, ఇంటివాళ్లు అప్పు లేకుండా పెట్టగలిగింది ఎంత అని ఒక కాగితం మీద రాసుకుంటే మిగతా ప్లాన్ దాన్ని బట్టి సాగుతుంది. పిలగాడు నోరు విప్పకపోతే మాత్రం ఇది జరగదు. పిల్ల ఒక్కతే అడిగితే సంబంధమే తప్పిపోయే ప్రమాదం ఉందని తండ్రి భయపడతాడు, ఆ భయంలో నిజం ఉంది.

ఇంతకన్నా లోతైన చిక్కు ఆస్తి వాటాది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వ హయాంలో, కట్నం దురాచారాన్ని ఎదుర్కోవడమే ఒక లక్ష్యంగా, కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్లయినవారికి అది వర్తించలేదు. 2005లో కేంద్రం ఆ హక్కును దేశమంతటికీ ఇచ్చింది. 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని తేల్చింది. వాటా వచ్చాక కట్నం పోవాలన్నది చట్టం ఆశ. ఆచరణలో కట్నమూ ఉంది, వాటా వదులుకుంటున్నట్టు ఆడబిడ్డ పెట్టే సంతకమూ ఉంది. తండ్రి పోయి భూమి ఫౌతి చేయించుకోవడానికి వారసులంతా తహసీల్దారు ముందు అంగీకారపత్రం పెట్టాల్సినప్పుడు, లగ్గానికి పెట్టింది నీ వాటా కిందే అని అన్న అంటాడు. చట్టంలో అట్లాంటి జమ లేదని చెల్లె అంటుంది. ఊరి పెద్దమనుషులు ఎక్కువసార్లు అన్నవైపు, కోర్టులు ఎక్కువసార్లు చెల్లెవైపు నిలబడుతున్నాయి.